పడవకి బెల్లం తినిపించిన లోవరాజు

లోవరాజని, మా తాతకి తాత. మనిషి బంగారమే, కాకపోతే ఎదుటివాళ్ళ మాట సగంలోనే తుంచేస్తాడంట. ఈ గోదారి పాయలో ఆయనకో చెక్కపడవ. మామూలు పడవ కాదమ్మా, ఏటా జాతరకి ఏటిగట్టు తల్లి గరగని, అదే అమ్మవారు కొలువుండే కలశాన్ని, అవతల లంకకి దాటించే పడవ. గరగ ముందు మన పడవెక్కాలి, ఆ తరవాతే ఊళ్ళో ఎవరి పడవైనా కదలాలి. అదీ మన ఇంటి మర్యాద. అయితే ఆ ఏడు ఏమైందంటే, లోవరాజుకి కామెర్లొచ్చి రెండు నెలలు మంచం పట్టాడు. ఆ ఎండాకాలమంతా పడవ గట్టు మీదే పడుంది, పైన నాలుగు తాటాకులు కప్పే దిక్కు కూడా లేక. లేచి వెళ్ళి చూసుకుంటే ఏముంది, పలకకీ పలకకీ మధ్య చీపురుపుల్ల దూరేంత సందు. జాతర ఇంక పన్నెండు రోజులే. పడవ తేలకపోతే గరగ వెళ్ళి లోవరాజుకి తమ్ముడు వరసయ్యే ధర్మయ్య పడవెక్కుద్ది. ఒకసారి ఎక్కిందంటే ఇంక మన గట్టుకి తిరిగి వస్తుందా? లోవరాజు బెంగంతా అదీ.

పడవలు కట్టే వడ్రంగి సోమలింగం అని, పెద్దాయన, ఆయన్ని పిలిచారంట. ఆయనొచ్చి పలకల్ని వేళ్ళతో కొట్టి చూసి, "ఒరే అబ్బాయ్, ముందు దీన్ని నీట్లో..." అని ఓ మాటన్నాడు. ఆ మాట నేననను తల్లీ. పడవకి కీడు జరిగితే అంటారే, 'ము'తో మొదలయ్యే మాట, అదనుకో. పడవోళ్ళ ఇళ్ళల్లో ఆ మాట ఊరికే కూడా అనం. అందులో అమ్మవారి పడవ, పైగా శుక్రవారం. ఇంకేముంది, లోవరాజు అగ్గి మీద గుగ్గిలమైపోయాడంట. "నా పడవకి ఆ గతి కోరతావా మావా? నీ నోటమ్మట మంచి మాటే రాదా?" అని. "అది కాదురా, నే చెప్పేది చివరిదాకా విను" అంటే వింటేనా! నీ పనీ వద్దు, నీ మాటా వద్దు, నాకు చేతుల్లేవా, నేనే బాగుచేసుకుంటానన్నాడంట. సోమలింగం ఉలీ సుత్తీ సంచీలో వేసుకుని, "చేసుకో నాయనా. చేతులున్నాయి నీకు, చెవులే లేవు" అని వెళ్ళిపోయాడు.

ఇంక చూడండి ఆయన పాట్లు. ఏమ్మా, చింతపండు చేతిలోనే ఉండిపోయింది, గింజ తీస్తూ వినండి. కొబ్బరిపీచు పేని, ఉలి పెట్టి సందుల్లో కుక్కాడంట. ఓ దెబ్బ ఉలి మీద, రెండు దెబ్బలు బొటనవేలి మీద. కుక్కి కుక్కి నీట్లోకి తోస్తే, కుక్కిన చోట బానే ఉంది, పక్క సందులోంచి ఊటబావిలాగా నీళ్ళు. మళ్ళీ గట్టుకి లాగటం, మళ్ళీ ఎండలో పెట్టటం, మళ్ళీ కుక్కటం. పొద్దున పూడ్చిన సందు సాయంత్రానికి నోరు తెరిచేదంట. ఇలా ఉండగా దారినపోయే తాపీమేస్త్రి ఒకడు, "మేడలే సున్నం, బెల్లం, మినప్పిండి పట్టుతో నిలబడతన్నాయి, నీ పడవొక లెక్కా?" అన్నాడంట. అన్నవాడికి పడవ తెలీదు, విన్నవాడికి ఓపిక లేదు. తల్లి నైవేద్యానికని భార్య వరాలమ్మ దాచిన బెల్లం, మినప్పప్పు కుండలతో సహా పట్టుకుపోయాడు. "ఏవయ్యా, పడవకి గారెలొండుతున్నావా?" అందంట ఆవిడ. ఆ పట్టు పూసి, ఆరనిచ్చి, తెల్లారి చూస్తే ఊళ్ళో చీమలన్నీ పడవ మీదే. చీమల్ని దులిపి నీట్లోకి తోస్తే, ఈసారి చేపలు! గుంపులు గుంపులుగా చేరి పొడుచుకు తినేశాయంట. పాతికేళ్ళు వలేసినా ఆయన అన్ని చేపలు ఒక్కచోట చూళ్ళేదు. ధర్మయ్య గట్టు మీద నుంచుని, "అన్నయ్యా, వల తెమ్మంటావా?" అన్నాడంట.

అలా అలా జాతర ఇంక నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. ఆ పొద్దున లోవరాజు పడవలో కూర్చుని చిప్పతో నీళ్ళు తోడుతున్నాడు. ఒక చిప్ప బయట పోస్తే రెండు చిప్పలు లోపలికొస్తున్నాయి. తోడి తోడి చెయ్యి పడిపోయింది. చిప్ప అవతల పారేసి, "తల్లీ, నీ పడవ, నీ ఇష్టం. నా వల్ల కాదు" అని మోకాళ్ళు కావిలించుకుని కూర్చున్నాడంట. నీళ్ళు పాదాలకొచ్చాయి, పిక్కలకొచ్చాయి, ఒళ్ళోకొచ్చాయి. నిలకడకని అడుగున వేసిన బరువు రాళ్ళున్నాయేమో, పడవ మెల్లగా బురద మీద కూర్చుంది. అంచులు కూడా కనపడవు, ఏట్లో ఆయనొక్కడే తపస్సు చేసుకుంటున్నట్టున్నాడు. ఇంటికొచ్చి, ఎల్లుండి వెళ్ళి ధర్మయ్యకి చెప్పొస్తాను, గరగ నువ్వే దాటించరా అని, అనేసి గోడవైపు తిరిగి పడుకున్నాడంట. వరాలమ్మ పొడిపంచె పక్కన పెట్టి, తల్లికి దణ్ణం పెట్టుకుని, తిన్నగా సోమలింగం ఇంటికెళ్ళింది.

మర్నాడు సోమలింగం వచ్చి గట్టు మీద నుంచున్నాడు. "ఎప్పట్నించిలా ఉంది?" "నిన్న పొద్దున్నించి మావా." "ఇంకో రెండ్రోజులు దీని మీద చెయ్యెయ్యకు." "ఎక్కిరిస్తున్నావా?" "ఎక్కిరింపు కాదురా. రెండు నెలలు ఎండలో పడి చెక్క నోరెండిపోయింది. దానికి పీచు తినిపించావు, బెల్లం తినిపించావు, మినప్పప్పు తినిపించావు. నీళ్ళొక్కటే తాగనివ్వలేదు. తాగితే చెక్క ఉబ్బుద్ది, సందులు వాటంతటవే మూసుకుంటాయి. ఆ శుక్రవారం నే చెప్పబోయింది ఇదే కదా!"  అన్నట్టే మూడో నాడు రాళ్ళు తీసి, పైకెత్తి, నీళ్ళు తోడేసి, ఒకటి రెండు చోట్ల సోమలింగం తారు పూసేసరికి పడవ రాగిబిందెలా ఉంది. చుక్క దిగదు.

జాతర నాడు డప్పులు మోగుతుంటే గరగ మన పడవే ఎక్కింది. ఊరంతా తల్లిని చూస్తుంటే, లోవరాజు మాత్రం పడవ అడుగునే చూస్తున్నాడంట. తల్లి పాదాలు తడవకుండా అవతలి ఒడ్డు చేరాక, మొదటి కొబ్బరిచెక్క సోమలింగం చేతిలో పెట్టి, "మావా, ఇకనించి నీ మాట చివరిదాకా వింటా" అన్నాడు. "ఎందుకొచ్చిన గొడవ, నేనే చివర్నించి మొదలెడతాలే" అన్నాడంట ఆయన.

అప్పట్నించీ మన ఇంట్లో జాతరకి ముందు మూడ్రోజులు పడవకి పసుపూ కుంకుమా పెట్టి అలాగే చేస్తాం. చేస్తాం గానీ, ఆ మాట ఇప్పటికీ అనం. తల్లి ఒళ్ళో పడుకోబెట్టొచ్చాం అంటాం. మొన్న మా కొత్తల్లుడు గట్టంతా వెతికొచ్చి, "పడవేదండీ?" అన్నాడు. "నిద్రపోతోంది నాయనా, దాహం తీరాక లేస్తుంది" అన్నాను. ఈ ముసలమ్మకి మతి పోయిందనుకున్నాడో ఏమో గానీ, పాపం, నా మాట మాత్రం చివరిదాకా విన్నాడు.