మంచం పైన గిలక

మంచం మీద లేవలేని భార్య. ఆమె వెనక కూర్చుని జడ వేస్తున్న ముసలి వడ్రంగి.

"తాడు పేనుతున్నావా, జడ వేస్తున్నావా?"

"కదలకు మరి. ఇంతకీ ఈ ముస్తాబేంటే? మంచి బట్టలు ఎవరు కట్టారు?"

"పక్కింటావిడ. నువ్వు ఆ ముసలాళ్ళ హోము చూడ్డానికి వెళ్ళినప్పుడు. ఎలా ఉందో చెప్పు."

"తలుపులు వెడల్పు. చక్రాల కుర్చీ ఎక్కడా గీసుకోదు. గోడల పొడుగునా పట్టుకోడానికి చేవ కర్ర పెట్టారు. నున్నగా చిత్రిక పట్టారు."

"రాత్రి పిలిస్తే పలుకుతారా?"

"మంచానికో గంట ఉంది. నొక్కితే ఇద్దరు ఆడవాళ్ళొచ్చి ఎత్తి కూర్చోబెడతారు."

"ఇద్దరు."

"ఆఁ, బలంగానే ఉన్నారు. కిటికీలే బాలేవు. చెక్క పచ్చిగా ఉండగానే బిగించేశారు. వానకి ఉబ్బుతాయి."

"కిటికీల సంగతి తర్వాత. మనిద్దరికీ ఒకే గది ఇస్తారా?"

"ఇక్కడ మనకేం తక్కువ? పైకి చూడు."

"చూస్తూనే ఉన్నా. దూలానికి గిలక కట్టావు."

"కొట్టులో మొద్దులెత్తే గిలకే. నీ నడుం కింద పట్టీ వేసి తాడు లాగానంటే లేచి కూర్చుంటావు. నా నడుం మీద బరువే పడదు."

"నేను మొద్దునా?"

"మొద్దువైతే చెప్పిన మాట వినేదానివి."

"మొన్న నన్ను లేపబోయి నువ్వూ పడ్డావు. తెల్లారేదాకా ఇద్దరం నేల మీదే. పాలవాడు రాకపోతే?"

"అందుకేగా గిలక."

"ఆ మేకులు చూడు. సగం వంకర. మేకు మీద కొట్టావా, వేలి మీదా?"

"చెయ్యి కొంచెం వణికింది."

"కొంచెం."

"కొంచెమే."

"సరే. అడిగినదానికి చెప్పు. ఒకే గదేనా?"

"ఆ కిటికీలు ఉబ్బాయంటే మాత్రం..."

"ఏమయ్యా."

"నడిచేవాళ్ళ గదులు నిండిపోయాయట. లేవలేనివాళ్ళ వైపు ఒక్క మంచం ఉందన్నారు. ఒక్కటే. నువ్వక్కడ, నేనిక్కడ. మాకొద్దని చెప్పొచ్చేశా."

"ఏమన్నారు?"

"ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎందుకో మరి. ఉండు, ఎవరో తలుపు కొడుతున్నారు."

"జడ ముడెయ్యి ముందు."

"వేస్తున్నా. ఈ వేళప్పుడు ఎవరబ్బా?"

"గట్టిగా వెయ్యి. దారిలో ఊడకూడదు."

"ఏ దారిలో?"

"ఒక్క మంచమే ఉందని నిన్న ఫోన్లో నాకూ చెప్పారు. అది నాకు ఉంచమన్నాను. వెళ్ళి తలుపు తియ్యి. ఇద్దరు వచ్చుంటారు."