పదిహేడో నంబరు మనిషి

సైకాలజీ విభాగంలో హెడ్ గది. హెడ్ గారూ, ఆయన కిందే లెక్చరరుగా పనిచేస్తున్న బావమరిదీ.

“దీన్ని సమీక్ష అంటార్రా? నా సిద్ధాంతాన్ని ఉతికి ఆరేశావు!”

“ఉతకమని ఇచ్చింది నువ్వే కదా బావా.”

“మరకలుంటే చూపించమన్నాను, చింపమనలేదు. జ్ఞాపకశక్తి అంటే ముందు చిన్న అర, వెనకాల పెద్ద గది. విన్నమాట అరలో పడుతుంది. వల్లెవేస్తే గదిలోకి పోతుంది. ఇందులో నీకు అర్థం కానిదేముంది?”

“పోవాలంటే తలుపుండాలిగా. నీ బొమ్మలో తలుపే లేదు.”

“నీ బుర్రకి లేదు తలుపు!”

“మన ప్రయోగంలో పదిహేడో నంబరు మనిషి, నేనిచ్చిన పదాలన్నీ పైకే వల్లెవేసింది బావా. వెంటనే అడిగితే గడగడా అప్పజెప్పింది. కాసేపాగి అడిగితే, ‘ఏ పదాలు?’ అంది.”

“పరధ్యానం.”

“ఇంకో రోజు మళ్లీ చేయించాను. అంతే.”

“అయితే పొగరు. ఇలాంటి శాల్తీ ఒకత్తి కోసం నా ఇన్నేళ్ల పని చెత్తబుట్టలో వెయ్యాలా? మిగతావాళ్లందరికీ సరిపోయిందిగా?”

“సరిపోయింది.”

“మరింకేం? ఆవిణ్ణి తీసేసి సంతకం పెట్టు. సాయంత్రం పత్రికకి పంపేస్తా.”

“తీయను.”

“నీ ప్రమోషన్ కాగితం ఈ బల్లమీదే ఉంది. గుర్తుందా?”

“ఉంది. నా అర బాగానే పనిచేస్తోంది.”

“వెటకారం! అచ్చం మీ అక్క పోలిక. పొద్దున ‘ఊరెళ్తున్నారా?’ అంది. లేదన్నాను. చొక్కా వేసుకుంటుంటే మళ్లీ, ఊరెళ్తున్నారా? చెప్పులేసుకుంటుంటే మళ్లీ! కావాలనే, నన్ను సాధించడానికి. నాలుగు అరిచి వచ్చేశా.”

“అరిచావా?”

“అరవనూ? జ్ఞాపకశక్తి మీద పుస్తకాలు రాసినవాణ్ణి. మర్చిపోయిందో నటిస్తోందో ఆమాత్రం కనిపెట్టలేనా? అదలా ఉంచు. ఎవరా మహాతల్లి? ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావు?”

“నేను పట్టుకురాలేదు. తనే వచ్చింది. ‘ఏదో తేడాగా ఉందిరా, ఓసారి చూడు’ అంది.”

“పేరు చెప్పు.”

“వద్దులే బావా.”

“ఏం, ఎందుకు వద్దు? హెడ్‌ని అడుగుతున్నా. చెప్పు!”

“‘మీ బావకి మాత్రం చెప్పకు’ అని ఒట్టేయించుకుంది. గుమ్మం దాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ ఒట్టేయించుకుంది.”