చేతిమీద కలిపిన రంగు

కదలబాకమ్మే! నూగు తీసే దారం పెదవి మీద ఉండాది, తెగితే మళ్ళా మొదటికొస్తాం. ఊ అని గూడా అనబాక. అందరూ దారం పళ్ళతో పట్టుకుంటారు, నేను మెడకేసుకుంటా. ఎందుకంటావా? నోరు ఖాళీగా ఉండాల గదా నాకు!

ఈ గోళ్ళు చూడు. మైపాడు బీచిలో మీ తమ్ముడి పాట షూటింగై పది రోజులైంది, నల్లరంగు ఇంకా పోలా. సబ్బేసి రుద్దినా, నిమ్మచెక్కేసి రుద్దినా. అన్నం కలుపుకుంటుంటే అదే కనిపిస్తాది. ఇందుకూరుపేటలో విజయకుమారి పార్లరంటే ఇరవై యేళ్ళ పేరు. ఎంతమంది పెళ్ళికూతుళ్ళని తెల్లంగా చేసి పంపినానో! మనిషిని నల్లంగా చెయ్యమని ఒక్కరడిగితే ఒట్టు. మీ తమ్ముడు జడ్సనే అడిగినాడు.

వాణ్ణి నేనేం అననులే. మంచోడే. ఈ కుర్చీలోనే కూర్చోని ఫోన్లో పాట పెట్టి వినిపించినాడు. అమెరికా ర్యాప్ పాటంట. నాకు ఒక్క ముక్క అర్థమైతే గదా! "అక్కా, అక్కడ నల్లజాతి ఆడోళ్ళని అందరూ తొక్కేవాళ్ళే. తెల్లోళ్ళూ తొక్కతారు, సొంత మగోళ్ళూ తొక్కతారు. వాళ్ళ తరఫున ఒక మగోడు నిలబడి పాడినాడు, విను" అన్నాడు. వినేకొద్దీ ఏదో ఉండాదిలే అందులో. కోపంగా ఉండాది, మళ్ళా అమ్మని పిలిచినట్టు గూడా ఉండాది. "రొయ్యల షెడ్డులో మా అక్క లేదా? అట్టాంటి పాట మనకెందుకు ఉండగూడదు?" అని కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు.

పాట కట్టినాడు సరే, మాటలెవరివి? నీవి గదమ్మే! "ఐసు నీళ్ళల్లో నా చేతులు తెల్లబడినాయి, ఇంకేం తెల్లబడాలయ్యా నేను?" రొయ్య తలలు గిల్లతా గిల్లతా, నీ నలుపుని ఎగతాళి చేసిన షెడ్డు సూపర్వైజరు మొహానే అన్నావంట గదా. ఇప్పుడా మాట ఊళ్ళో పిలకాయలంతా చప్పట్లు కొట్టుకుంటా పాడతుండారు.

ఆ, ఇటు తిరుగు. నొప్పా? ఓర్చుకో.

వీడియోలో ఆడేదానికని కెమెరా చంద్రమౌళి నెల్లూరు నుంచి ఒక పిల్లని తెచ్చినాడా! ఏం తెలుపు తల్లీ, ఒలిచిన రొయ్య మాదిరి. నల్లమ్మ పాటకి తెల్లపిల్ల! నేను రంగు పూస్తే మసి పూసినట్టుందంటాడు, తుడిస్తే మచ్చలు మచ్చలుగా ఉందంటాడు. ఎండలో నా ప్రాణం పోతాంది. నువ్వేమో ఆ పిల్లకి గొడుగు పట్టుకోని పక్కనే నిలబడుండావు.

నాకేం బుద్ధి పుట్టిందో, "ఎలిశబెతూ, ఇట్టా రామ్మే" అని నీ చెయ్యి లాగి ఆ పిల్ల చెంప పక్కన పెట్టినా. నీ ఒంటిరంగులో కలిసిపోయేదాకా నీ చేతిమీదే రంగు పూసినా, తుడిచినా, మళ్ళా పూసినా. మూడు తడవలు. సూది వేయించుకునేదానికి చాపినట్టు చాపినావు చెయ్యి, మొహం అటు తిప్పుకోని. మూడో తడవకి నీ చేతిమీద రంగు యాడుందో నాకే కనపడలా. కుదిరిందని అందరూ చప్పట్లు కొట్టినారు. నేనూ కొట్టినా. మీ తమ్ముడు మాత్రం ఫోను చూసుకుంటా నిలబడినాడు. నువ్వు పొయ్యి మళ్ళా గొడుగు పట్టుకున్నావు.

అప్పుడు నాకేం అనిపించలా. ఇప్పుడన్నా ఏమన్నా అనిపిస్తాందా అంటే, ఏమో, లేదు. ఐసులో చెయ్యి పెట్టినట్టు మొద్దుబారి ఉండాది. ఆ సంగతి నీకు నేను చెప్పాల్నా? నీకూ అంతేనా? అనబాక, అనబాక! దారం!

ఇన్నేళ్ళల్లో నా పార్లరు మెట్టెక్కనిదానివి. ఈ రోజు చెప్పులిడిచి లోపలికొచ్చి ఏమన్నావు? "అక్కా, సాయంత్రం చర్చి గ్రౌండులో తెర కట్టి పాట వేస్తారంట. నన్ను స్టేజీ మీదికి పిలుస్తారంట. కొంచెం తెల్లంగా చెయ్యి" అన్నావు. నీ పాటకి నువ్వు పోయేదానికి! నవ్వాల్నో ఏడవాల్నో తెలీక దారం తీసినా.

ఒక మాట చెప్పాల నీకు. నువ్వు నోరు తెరవలేవనే ధైర్యంతోనే చెప్తుండా.

నల్లంగా చెయ్యమని జడ్సన్ అడగలా. ఇందాక అబద్ధమాడినా. వాడు ముందు నిన్నే పెట్టాలనుకున్నాడు వీడియోలో. నీ ఫోటో తెచ్చి చూపించి, "మా అక్కకి ఏం పూయొద్దక్కా, జిడ్డు తుడిస్తే చాలు" అన్నాడు. నేనే అన్నా. "మీ అక్క కెమెరాలో పడదురా, కళ్ళూ పళ్ళూ తప్ప ఏం కనపడవు. తెల్లపిల్లని తెచ్చుకో, నలుపు నేను పూస్తా" అన్నా. వాడు ఆ ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

నీ మీద నాకేం కోపమమ్మే? ఏం లేదు. నోటికొచ్చేసింది. ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి నల్లపిల్లకీ అదే చెప్తుండా ఇరవై యేళ్ళుగా. పొద్దున్నే అద్దంలో నాకు నేనూ చెప్పుకుంటా. నా మెడ చూడు, దారం రాసుకోని పౌడరు పోయిన చోట. నీకంటే ఏం తక్కువ నలుపు?

అయిపోయింది, దారం తీసేసినా. ఇంక మాట్లాడొచ్చు. తిట్టు, పడతా. లేదూ, తెల్లంగా వద్దక్కా అని ఒక్క మాట అను. ఈ తెలుపు క్రీము డబ్బాలన్నీ మూసేసి, ఉత్త నీళ్ళతో మొహం కడిగి, నేనే నిన్ను స్టేజీ దాకా తీసకపోతా.

ఏందమ్మే, ఆ డబ్బాల వంక చూస్తావు?

వేలు చూపిస్తావేంది? ఆ డబ్బానా?

కాదా? దాని పక్కదా? అది ఇంకా తెలుపమ్మే.

సరే. కళ్ళు మూసుకో.