ఎనిమిది వందల మందీ నా మాట విన్నారు

పిచ్చి ఆడంగులమా? మళ్లీ అనండి, కమిటీ ఆఫీసరు గారూ. కాగితంలోనూ అలాగే రాశారుగా, పాటల కుర్రాడు షాంగ్ యూ అభిమాన సంఘాన్ని మూసెయ్యడానికి కారణం 'వెర్రి అభిమానం' అని! సంఘం నడిపేదాన్ని నేనే, సంతకం పెడతాను లెండి. ముందు టీ తాగండి.

అదేం విడ్డూరమో! పోయిన జూలైలో ఇదే కుర్చీలో కూచుని 'మియావో అక్కా, మీరే దిక్కు' అన్నారు. వరదలో కింది పేటలు మునిగితే మీ లారీల్లో ఏం పంపారు? నూడుల్సు, నీళ్లు. ఆడవాళ్లకి నెలనెలా ఏం కావాలో మీ పన్నెండు మంది మగాళ్ల మీటింగులో ఒక్కడికీ తట్టలేదు. మొదట అడిగితే 'అవి అత్యవసరం కాదు' అన్నారు. ఆహా!

షాంగ్ యూ పాటకి ఓట్లు గుద్దడానికి రాసుకున్న మా సంఘం వాళ్ల జాబితా తీశాను. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఏ గంటకి ఖాళీ, ఎవరికి వ్యాను నడపడం వచ్చు, అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు రోజుల్లో ఆరు వేల ప్యాకెట్ల ప్యాడ్లు దిగాయి. పెట్టెల మీద ఆ పాటల కుర్రాడి పేరు అంటించాం. మీరూ ఓ పెట్టె పట్టుకుని ఫొటో దిగారు, పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టి. చూడలేదనుకున్నారా?

సరే, ఇప్పుడీ కాలేజీ పిల్ల గొడవ. తావ్ నింగ్, పందొమ్మిదేళ్లది. షాంగ్ యూకి శ్రుతి లేదని ఫోన్లో అందరికీ కనబడేలా రెండు ముక్కలు రాసింది. గంటలో మా సంఘం వాళ్లు ఎనిమిది వందల మంది ఫోన్లోనే మీద పడ్డారు. అందరిదీ ఒకే తిట్టు, అక్షరం తేడా లేకుండా! ఇరవై రోజులుగా హాస్టల్ గది తలుపు తియ్యడం లేదట.

చిన్నపిల్లలు తెలియక చేశారని మాత్రం రాసుకోకండి. ఆ తిట్టు రాసిచ్చింది నేను. 'పట్టండి' అన్నదీ నేనే. నలభై ఆరేళ్లదాన్ని, వెనిగర్ ఫ్యాక్టరీలో సీసాలు తనిఖీ చేసుకునేదాన్ని.

అభిమానమా? నా మొహం! వాడి పాట ఒక్కటీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. తగరపు డబ్బా గొంతు! ఆ పిల్ల రాసింది నిజమే. ఆ రోజూ నాకు తెలుసు.

ఇరవై రెండేళ్లుగా 'ఆ గిన్నె కడుగు' అంటే మా ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఫ్యాక్టరీలో నోరు తెరిస్తే సూపర్‌వైజరు రేడియో పెంచుతాడు. సంఘంలోనేమో నా ఒక్క మాటకి ఎనిమిది వందల మంది! ప్యాడ్లకీ లేచారు, ఆ పిల్ల మీదికీ లేచారు. రెండుసార్లూ నాకు ఒకేలా హాయిగా ఉంది. ఏం చెయ్యమంటారు?

కలం ఇటివ్వండి. ఆ 'వెర్రి అభిమానం' కొట్టేసి నా పేరు రాయండి. మియావో రుయ్‌ఫాంగ్. ఈసారి వేలు అడ్డం పెట్టకండి.