మొగులు పాటలో మేక

రామన్నపేటలో స్టేజీ వెనక ఒక రేకుల గది. ‘కందిచేను’ బ్యాండు పాటలకు బయట జనం అప్పుడప్పుడే కూర్చుంటున్నారు. లోపల పాడే మల్లిక, డప్పు కొట్టే ఆమె అన్న దయాకర్. తలుపుకు అడ్డంగా హారిక నిలబడి ఉంది, ఊరూరూ వాళ్ల పాట వెంటే తిరిగే పిల్ల.

“ఒక్క మాట అన్నా. అక్కతోటి ఒక్క మాట మాట్లాడి పోత.”

“పాటయినంక రా అంటున్న గద హారికా. చెల్లెను జర ఇడిసిపెట్టు.”

“పాటయినంక మాట్లాడేది కాదిది. అక్కా, బాగున్నవా?”

“ఆమెను అడగకు. నన్నడుగు.”

“అక్క బాగున్నదా లేదా గూడ నువ్వే చెప్తవా?”

“సల్లనీళ్లు తాగింది. గొంతు పట్టింది, గంతే.”

“మరి మొన్న నందికొండ ప్రోగ్రాముల పట్టలేదా?”

“నందికొండల మంచిగనే పాడింది. నువ్వు ముందటనే కూసున్నవ్ గద!”

“కూసున్న. మర్రిగూడల పాడినట్టే ఉన్నది.”

“ఇంకేంది మరి?”

“అచ్చం మర్రిగూడల పాడినట్టే ఉన్నదన్నా. వానమబ్బును పిలిచే మొగులు పాట అక్క ఎన్నడన్న ఒక్కతీరుగ రెండుసార్లు పాడిందా? ఏ ఊర్లె ఆ ఊరి ముచ్చట అప్పటికప్పుడు అల్లుతది. గందుకే గద మేం పనులిడిసిపెట్టి మీ ఎంబడి తిరిగేది.”

“ఒక్కోపారి కలుస్తది. పాటన్నంక కలువదా?”

“ఊపిరి తీసుకునే జాగ గూడ కలుస్తదా?”

“డప్పు మంటకు కాపుకోవాలె, నువ్వు పో హారికా.”

“మేక గూడ కలుస్తదా అన్నా?”

“ఏం మేక?”

“మర్రిగూడల ఐలేశం తాత మేకపిల్లను ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆఖరి చరణంల గది అరిసింది. నా ఫోన్ల రికార్డయితే నేనే మన వాట్సాప్ గ్రూపుల పెట్టిన. మరి నందికొండల స్పీకర్లకు మేక యాడికెల్లి వచ్చింది?”

“మెల్లగ మాట్లాడు.”

“అంటే నిజమేనా?”

“మెల్లగ అంటున్న గద! మల్లికా, నువ్వు లేవకు, నేను చెప్త. దవాఖానల గొంతు లోపట గడ్డ ఉన్నదన్నరు. పాట సంగతి దేవుడెరుగు, మాట గూడ ఆడొద్దన్నరు. ఒప్పుకున్న ప్రోగ్రాములు ఇడిసిపెడితే మళ్ల మమ్ముల ఎవడు పిలుస్తడు? నీ రికార్డులకెల్లి గొంతొక్కటే తీపిచ్చి పెన్‌డ్రైవ్ల ఏయించిన, చెల్లె ఉత్తగ నోరు కదుపుతది. మేక గొంతు గూడ గొంతే అనుకున్నది ఆ కంప్యూటరు. నేను సరిగ ఇనుకోలే.”

“గా పెన్‌డ్రైవ్ ఇటియ్యి.”

“ఇస్తే? గ్రూపుల పెడ్తవా? మల్లిక దొంగ అని రాస్తవా?”

“ఇటియ్యి అన్నా. ఇయ్యాల టీవోళ్లొచ్చిన్రు, చూసినవా? మిక్సర్‌కెల్లి సక్కగ వైరు గుంజుకున్నరు.”

“బెదిరిస్తున్నవా?”

“చెప్తున్న.”

“ఇస్తే నా చెల్లె అందరి ముందట నోరు మూసుకొని నిలవడాల్నా? జనం ఊకుంటరా?”

“ఊకోరు. అక్క చెయ్యి లేపితే చాలు, పాట మేం ఎత్తుకుంటం.”

“ఏం ఎత్తుకుంటరు? నిజం తెలిస్తే రాళ్లు ఎత్తుకుంటరు! జనం సంగతి నాకు చెప్తవా? నందికొండల ఆఖరి చరణం కాడికి రాంగనే ముందటోళ్లంత లేశి ఈలలేసిన్రు. గంత మురిసిన్రు! ఆ లొల్లిల మేకను ఒక్కలు గూడ ఇనలే, నువ్వు తప్ప. ఆ ఈలలు ఇన్నందుకే చెల్లె ఇంటికొచ్చి ఇంత బువ్వ తిన్నది. ఇనవడుతాందా?”

“అక్కా, ఏడువకు. ఇటు చూడు. నందికొండల నువ్వు పాట ఎత్తుకున్నప్పుడే నా రికార్డని గుర్తువట్టిన. మేక ఏడ అరుస్తదో నాకెరుకే, ముందట కూసున్న మన గ్రూపోళ్లందరికి చెప్పిన. గా ఈలలు పాటకు కాదక్కా, మేకను దాసెతందుకు ఏసినం. ఇయ్యాల టీవోళ్ల వైర్ల మా ఈలలు పడయి, మేక ఒక్కటే ఇనవడుతది. గందుకే పెన్‌డ్రైవ్ అడుగుతున్న.”