నీళ్లు పోసి చేతులు చూసిన కలీపా గారు

1988 అక్టోబరు మూడవ తేదీన, మంచుకు కనుమదారి మూసుకుపోతుందేమోనన్న ఆత్రుతతో గొర్రెల లారీ ఎక్కి వచ్చి, తాష్‌బులాక్ చర్మవైద్యశాలలో బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ కలీపా ఝుమాబాయెవ్నా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇది ఆనందకర సందర్భమని రాయడం మర్యాద. నిజం చెప్పాలంటే వారి దగ్గర పని నేర్చుకున్న మాకందరికీ గుండెల్లో రాయి పడింది.

రోగానికి తొందరపడి పేరు పెట్టేవారంటే వారికి మహా కోపం. చేతికి తగలక కంటికి మాత్రమే కనిపిస్తే మచ్చ, తగిలితే బొడిపె, లోపల తేటనీరుంటే నీటిపొక్కు, చీముంటే చీముపొక్కు, తోలు పోయి లోతు పడితే పుండు, పైన ఎండి గట్టిపడితే పక్కు. అంచు, రంగు, వాపు, నొప్పి అన్నీ వరుసగా పైకి వర్ణించనిదే మమ్మల్ని కదలనిచ్చేవారు కారు. “పేరు పెట్టే పండగ తర్వాత చేద్దాంలే నాయనా, ముందు బిడ్డ ఎలా ఉందో చెప్పు” అని దెప్పేవారు.

2005లో ప్రధాన వైద్యురాలైన వారికి మరుసటి వసంతంలోనే పరీక్ష ఎదురైంది. తుర్దుబెక్ అనే గొర్రెలకాపరి ముంజేతి పుండుతో వచ్చాడు. తమ అలవాటు చొప్పున కలీపా గారు పైకి వర్ణించసాగారు: నడుమ బొగ్గులాంటి నల్లని పక్కు, చుట్టూ నీటిపొక్కులు, మోచేతి దాకా వాపు, నొప్పి లేదు. అంత పుండుకు నొప్పి లేకపోవడమే అసలు గుర్తు. అది పశువుల నుంచి సోకే దొమ్మ, అంటే ఆంత్రాక్స్. సూదిమందు వెంటనే మొదలుపెట్టారు గాని, జబ్బు పశువును కోశారా అని అడిగితే అతడు లేదని ఒట్టు పెట్టాడు. తండ్రి పోయిన నలభయ్యో రోజు విందుకు ఊరంతా ఆ ఇంట భోంచేసింది. జబ్బు మాంసం వడ్డించామని ఒప్పుకుంటే చనిపోయినవాడి పేరుకే మచ్చ. ఆ పశువును ఇంకెవరు ముట్టుకున్నారో తెలియదు, ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. అధికారులను వెంటబెట్టుకు వెళితే తలుపులు మూసుకుంటారు.

మర్నాడు వారు పరామర్శకు వచ్చిన అతిథిగా ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లారు. భోజనానికి ముందు ఇంటి చిన్నవాళ్లు చేతులమీద నీళ్లు పోయడం మన ఆచారం కదా, కలీపా గారు ఆ కూజాను తామే లాక్కున్నారు. తుర్దుబెక్ అన్న మైరంబెక్ నిలువునా కుంగిపోయాడు.

“మా పరువు తీయకండక్కా. పెద్దవారు మీరు పోయడమేమిటి?”

“మీ నాన్న నాకూ పెద్దదిక్కే. ఆయన పేరున పోస్తున్నాను, పట్టు.”

ఒక్కొక్కరి చేతులూ తిప్పించి చూస్తూ పోశారు. చూపంతా చేతులమీదే ఉండడంతో సగం నీళ్లు చాపమీదే ఒలికాయి. అందరి చేతులూ శుభ్రంగానే ఉన్నాయి. పొయ్యి దగ్గర నిలబడిన కొత్తకోడలు అయ్‌సులు మాత్రం ఒక్క చెయ్యే చాచింది.

“రెండోది కూడా అమ్మా.”

“చీమ కుట్టింది డాక్టరమ్మా. నొప్పి కూడా లేదు.”

“నొప్పి లేదనే నా భయం తల్లీ.”

బొటనవేలిమీద ఎర్రని బొడిపె, దానిపై అప్పుడే తేలుతున్న నీటిపొక్కులు. ఇంకా నలుపెక్కలేదు. విందునాడు పేగులు కడిగింది ఆ పిల్లే. అత్తగారు ఆ వేలివంక చూసి, కొడుకులు కళ్లతో వారిస్తున్నా వినకుండా నోరు విప్పింది: “ఆవు చచ్చేలా ఉంటే, చస్తే తినకూడని హరామైపోతుందని ముందే కోశాం. పరువు సంగతి తర్వాత, ముందు పిల్లను తీసుకెళ్లండి.”

ఆ మాటతో ఆవును ముట్టుకున్నవారంతా వైద్యానికి ముందుకు వచ్చారు. మిగిలిన మాంసం తగలబెట్టారు. తుర్దుబెక్‌తో సహా ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. అయినా ఆ నెలంతా తలుపు చప్పుడైతే చాలు కలీపా గారు ఉలిక్కిపడేవారు.

మొన్నటి వీడ్కోలు విందుకు అయ్‌సులు వచ్చింది. అలవాటు కొద్దీ కలీపా గారు అందరి చేతులవంకా చూస్తుంటే, బొటనవేలిమీద తెల్లని మచ్చ ఉన్న చేత్తో ఆమె కూజా అందుకుంది. “ఈ పూటకు మీరు చూడకండి డాక్టరమ్మా. కూర్చోండి, చేతులు పట్టండి” అంది. కలీపా గారు పట్టారు. అయినా వారి చూపు పక్కవారి చేతులమీదే ఉంది.

కలీపా గారూ, మీ భయం మాకు వదిలి వెళ్లండి. దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటాం. మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల సందడి నడుమ నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఏ గడపలో అడుగుపెట్టినా నీళ్లు పోసే వంతు, చేతులు చూసే వంతు ఇక మావి.