నెత్తురు మరక ఉతికిన కొడుకు

"నాయినమ్మా, నేను కిరాయి రూంకు పోతున్న. ఇరవై అయిదేండ్లొచ్చినయ్. ఈ కుటుంబ సంకెళ్ళు తెంచుకుంటున్న. నాన్న నా వయసుల ఇల్లిడిసి పోయిండా?"

ఆ... పోయిండు బిడ్డా. ఒక్క దినం పోయిండు. నవ్వకు, చెప్తా. గీ యూసుఫ్‌గూడలనే, గిదే ఇల్లు. మీ తాత ఉన్నడు... కాదు కాదు, తాత పోయిన మరుసటేడు. నేను సినిమాలల్ల బట్టలు ఉతుకుడు, ఇస్త్రీ చేసుడు పనికి పోతుంటి. కృష్ణానగర్ల చాయ్ రెండు రూపాలు గప్పుడు, గిలాస నిండ పోసెటోళ్ళు. ఇప్పుడు మూతి తడ్వది. ఏం చెప్తున్నా? ఆ, మీ నాయిన.

నీ లెక్కనే, గడ్డం, పుస్తకాలు. "అమ్మా, నీ శ్రమను దోసుకుంటున్నరే" అనెటోడు. అనుకుంటనే ఇంకో గంటెడు పప్పు ఏయించుకునెటోడు. ఓ దినం "నా బతుకు నేను బతుకుత" అని మోతీనగర్ల దోస్తు రూంకు పోయిండు. పోతపోత గుమ్మం కాడున్న మూట పట్కపోయిండు. వాని బట్టలు నేనే కట్టిపెట్టిన అనుకున్నడట. అది షూటింగ్ బట్టల మూట బిడ్డా, జాగర్తకని ఇంటికి తెచ్చిపెట్టిన!

ఆడ విప్పి చూస్తె నెత్తురు మరకల చొక్కా. ఉత్త రంగే. గని వాని గుండె కరిగింది. "పాపం అమ్మ, గివన్నీ ఉతకాలె" అని, పుట్టినకాడికెంచి చేతిరుమాలు ఉతకనోడు కూసోని రుద్దిండు. నేనేమో పొద్దుగాల ఇల్లంత తిరగేసి, మూట దొరకక, ఏడ్సుకుంట సెట్టుకు పోయిన. ఆడికే వచ్చిండు మీ నాయిన! ఇస్త్రీ చేసి, మల్లెపువ్వు లెక్క పట్కొచ్చిండు. "అమ్మా, నీ భారం దించిన."

నా పానం పోయింది. ఎందుకంటవా? ఫైటు ముందుదినం సగం తీసిండ్రు. మిగిలింది ఆ దినం తియ్యాలె. మరక ఎట్లున్నది అట్లనే ఉండాలె, కంటిన్యూటీ అంటరు. పొట్టల కత్తి దిగినోడు పెండ్లికొడుకు లెక్క లేస్తడా? మేనేజరు నన్ను రేపటిసంది రావద్దన్నడు.

మీ నాయిన అడ్డం వచ్చిండు. "తప్పు నాది సార్, మా అమ్మను తియ్యకుండ్రి" అని, ముందుదినం తీసిన చొక్కా ఫోటో ముంగటేస్కొని, పగటాల్ల దాంక ఎర్రరంగుతోని ఒక్కొక్క మరక దిద్దిండు. ఆ చెయ్యి చూసి మేనేజరు వాన్ని గూడ పనిల పెట్టుకున్నడు. ఇప్పటికీ ఫిల్మ్‌నగర్ల అదే పని. ఆ దినం పొద్దుమీకి ఇంటికొచ్చి, "అన్నం పెట్టే" అన్నడు. పెట్టిన. యాభై దాటినయ్ వానికి, ఇంకా పెడ్తనే ఉన్న.

నా పని మీద గన్ని ఉపన్యాసాలిచ్చినోడు, నేను ఏం పని చేస్తనో ఒక్కనాడు అడిగితె అయిపోతుండె. నువ్వు చెప్పు, మీ అమ్మ బంజారా హిల్స్‌ల ఏం పని చేస్తది?

"ఆఫీసుల..."

ఆఫీసుల ఏం చేస్తది? ఏందిరా, సంచి అందుకుంటున్నవ్?

పో బిడ్డా, నేను ఆప. చల్లంగుండు. నీ చేతి వంట నీకు అరగాలె. గని అమ్మ వచ్చే యాళ్ళయింది, జర కూసోని అడిగి పో. అన్నట్టు... ఆ సంచి నీదేనా? విప్పి చూసినవా?